రేడియో వాచీకి రేడియో ఏదీ? – వినతిపత్రం

కాకినాడ

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,
కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, న్యూఢిల్లీ.

ప్రతులు: డైరెక్టర్ గారు, జాతీయ భౌతిక ప్రయోగశాల, న్యూఢిల్లీ, కంట్రోలర్ గారు, తూనికలు కొలతల శాఖ, ఆంధ్రప్రదేశ్.

విషయం: రేడియో సంకేతం అందుకుని తనంతట తానే టైము దిద్దుకుంటుందని చెప్పి అమ్మే డిజిటల్ చేతి గడియారాలు మన దేశంలో ఆ పని చేయకపోవడం, ఆ సంగతి పెట్టె మీద రాయించడం, మరికొన్ని కోరికల గురించి.

అయ్యా,

మేము కాకినాడలో సాయంత్రం పూట పార్కు బెంచీల మీద చేరే పింఛనుదారులం. ఈ కాగితం రాస్తున్న నేను రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. కింద సంతకాలు చేసినవారిలో ఒకరు కాలేజీలో ఫిజిక్సు చెప్పిన మాస్టారు, ఒకరు నలభై ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్న మెకానిక్కు. మిగతావాళ్లకు డబ్బు పెట్టి ఈ వాచీ కొనడం తప్ప దీంతో వేరే సంబంధం లేదు.

టైము గొడవ వీళ్లకెందుకని తమరు అనుకోవచ్చు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మా జిల్లా మీదుగానే పోతుంది. హౌరా వెళ్లే బండి అన్నవరం దాటి తుని చేరేలోపు ఆ గీతను దాటుతుంది. బ్రేక్‌వ్యానులో కూర్చుని నేను ఎన్ని వందలసార్లు దాటానో లెక్క లేదు. గార్డుకు టైమంటే ఏమిటో రైల్వే జనరల్ రూల్సులోనే రాసి ఉంటుంది. ప్రామాణిక సమయాన్ని రోజూ 16.00 గంటలకు స్టేషన్లకు అందించాలి. బండి బయలుదేరే ముందు గార్డు తన వాచీని స్టేషన్ గడియారంతో సరిపెట్టుకుని ఆ టైము డ్రైవరుకు చెప్పాలి, ఆయనా తన వాచీ సరిపెట్టుకోవాలి. దేశమంతటికీ ఒక టైము, అక్కడినుంచి స్టేషనుకు, స్టేషన్నుంచి నా మణికట్టుకు. రేడియో వాచీ చేసేదీ అదే పని. మధ్యలో కంట్రోలు ఫోను బదులు రేడియో తరంగం ఉంటుంది, అంతే తేడా.

అందుకే అమెరికాలో డల్లాస్ దగ్గర ఉన్న మా అల్లుడు ఆ వాచీ నా చేతికి కట్టినప్పుడు నాకు అంత సంబరం. ఆర్నెల్లు అక్కడే ఉన్నాను. నిద్రపట్టని రాత్రి అర్ధరాత్రి దాటాక కిటికీ గట్టు మీద పెట్టి చూస్తూ కూర్చునేవాణ్ని. తెర మీద ఎల్1 అని వచ్చేది, కాసేపటికి ఎల్2, ఎల్3. అంటే సంకేతం బలంగా అందుతోందన్నమాట. నాలుగైదు నిమిషాలకు ‘గెట్’ అని పడేది. కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ కాలిన్స్ అనే ఊరి దగ్గర డబ్ల్యు.డబ్ల్యు.వి.బి. అనే ప్రభుత్వ స్టేషన్ ఉంది. 60 కిలోహెర్ట్జ్ మీద రాత్రీ పగలూ టైము పంపుతుంది. సెకనుకోసారి తన బలాన్ని తగ్గిస్తుంది. ఆ తగ్గుదల 0.2 సెకను ఉంటే సున్నా, 0.5 ఉంటే ఒకటి, 0.8 ఉంటే అది హద్దురాయి. ఇలా ఒక్క నిమిషంలో గంట, నిమిషం, రోజు, సంవత్సరం అన్నీ చెప్పేస్తుంది. మా మాస్టారు దీన్ని పాత తంతి టకటకలతో పోల్చారు గాని, నాకు మాత్రం రాత్రిపూట స్టేషన్ దాటుతూ పచ్చదీపం ఊపే పోర్టరు గుర్తొచ్చాడు.

తిరిగి కాకినాడ వచ్చాను. వాచీలో మన టైము పెట్టుకున్నాను. నెల తిరిగేసరికి పదకొండు సెకన్లు వెనకబడింది. సంకేతం అందకపోతే ఇలాంటి క్వార్ట్జ్ వాచీ నెలకు 15 సెకన్ల దాకా అటో ఇటో పోతుందని తయారీదారులే రాస్తారు కాబట్టి తప్పు వాచీది కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియక, ఏ ఊరి టైము చూపాలో వాచీకి చెప్పే ‘హోం సిటీ’ని మళ్లీ షికాగోకు మార్చి, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన, పన్నెండు అంకె వాయవ్యం వైపు తిరిగేలా పెట్టి, పొద్దున్నే వెళ్లి చూసేవాణ్ని. రోజూ ‘ఎర్’ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలే. వారం గడిచాక మా ఆవిడ, “అమెరికా టైము కోసం ఆ ట్యాంకు దగ్గర తపస్సేమిటండీ” అంది. అక్కడితో ఆపి వాచీని పట్నంలో ఒక సర్వీసు కేంద్రానికి పట్టుకెళ్లాను. మాడ్యూలు పోయింది, మార్చాలన్నారు. మూడు వేల పైచిలుకు చెప్పారు. వద్దని బజారులో ఇంకొకరికి ఇస్తే సెల్లు పోయిందని కొత్తది వేశారు. మర్నాటికి తెరే ఆరిపోయింది.

మా మెకానిక్కు వెనక మూత తీసి చూసి నవ్వాడు. అది ఎండతో ఛార్జయ్యే వాచీ. అందులో ఉండాల్సింది సిటిఎల్1616 అనే రీఛార్జి సెల్లు. బజారులో వేసింది అదే సైజున్న మామూలు సిఆర్1616. గూట్లో సరిగ్గా పడుతుంది గాని అది ఛార్జి ఎక్కించుకునే సెల్లు కాదు, ఎక్కిస్తే ఉబ్బి కారే ప్రమాదం ఉంది. సరైన సెల్లు తెప్పించి వేశాక కూడా తెర వెలగలేదు. అప్పుడు అతను భూతద్దం కింద ఏ.సి. అని చిన్న అక్షరాలున్న రాగి చుక్కను చూపించి, చిమటాతో ఆ చుక్కనూ సెల్లు పై ముఖాన్నీ కలిపి రెండు సెకన్లు పట్టుకున్నాడు. అంకెలన్నీ ఒక్కసారి మెరిసి, గంటలూ నిమిషాలూ సున్నాల నుంచి మొదలయ్యాయి. ఖర్చు సెల్లు ధర, ఒక టీ. మాడ్యూలుకు ఏమీ కాలేదు.

ఇక అసలు సంగతి. మా మాస్టారు లెక్క తీస్తే తేలిందేమిటంటే, ఈ వాచీలు వినగలిగే స్టేషన్లు ప్రపంచంలో ఆరే ఆరు. జర్మనీలో మైన్‌ఫ్లింగెన్ 77.5 కిలోహెర్ట్జ్ మీద, ఇంగ్లండులో ఆంథార్న్ 60 మీద, అమెరికాలో పైన చెప్పిన ఫోర్ట్ కాలిన్స్, చైనాలో షాంగ్‌చియు 68.5 మీద, జపానులో రెండు: ఫుకుషిమాలో ఒటకదోయా కొండ మీద 40 కిలోహెర్ట్జ్, క్యూషూలో హగానె కొండ మీద 60. వీటిలో మనకు దగ్గరది చైనా స్టేషన్. దాని సంకేతం సుమారు 1,500 కిలోమీటర్ల వరకు అందుతుందని వాచీ కాగితాల్లోనే ఉంటుంది. కాకినాడకు అది దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు. రాత్రిపూట ఈ పొడవాటి తరంగాలు ఎక్కువ దూరం పోతాయి. వాచీ అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున అయిదింటి దాకా గంటగంటకూ ప్రయత్నించేది కూడా అందుకే. అయినా నాలుగు వేలు నాలుగు వేలే. నా వాచీ ఇంకో అడుగు ముందుకేసింది. హోం సిటీగా ఢిల్లీ పెడితే అసలు సంకేతం కోసం వెతకనే వెతకదు. తయారుచేసినవాళ్లకు ఇక్కడ స్టేషన్ లేదని తెలుసు. వాచీకీ తెలుసు. కొన్న మాకే తెలియదు.

అందువల్ల మా మొదటి కోరిక, మిగతావన్నీ పక్కనపెట్టినా తప్పక తీర్చాల్సినది: మన దేశంలో అమ్మే ప్రతి రేడియో వాచీ పెట్టె మీద “టైము దిద్దే రేడియో సంకేతం భారతదేశంలో అందదు” అన్న వాక్యం తెలుగుతో సహా స్థానిక భాషల్లో, ధర ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందో అంత పెద్దగా ఉండాలి. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం పెట్టె మీద దిగుమతిదారు చిరునామా, గరిష్ఠ ధర, నెల, సంవత్సరం, ఫిర్యాదులకు ఫోను నెంబరు ఇప్పటికే వేస్తున్నారు. వాటి పక్కన ఒక్క లైనుకు చోటు దొరక్కపోదు. ఉప్పు పొట్లంలో బరువు తక్కువ ఉంటే తూనికల ఇన్‌స్పెక్టరు పట్టుకుంటాడు. పది వేల వాచీలో సగం పని లేకపోతే పట్టుకునే దిక్కు లేదు.

ప్రకటనల సంగతీ ఇదే. “లక్ష సంవత్సరాలకు ఒక సెకను తేడా” అని మాలో సంతకం చేసిన ఒకాయనకు హైదరాబాదులో దుకాణదారు చెప్పి అమ్మాడు. అంత కచ్చితమైన పరమాణు గడియారం ఉన్నది స్టేషన్లో, వాచీలో కాదు. వాచీలో ఉన్నది తీగ చుట్టిన చిన్న ఫెరైట్ కడ్డీ, ఆ తీగకు ఏమీ వినపడకపోతే అది మామూలు వాచీ. వీటిని ‘అటామిక్’ అని పిలవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుందో కాదో తమ శాఖే తేల్చి చెప్పాలని కోరుతున్నాం. వాచీ చెడ్డదని మేము అనడం లేదు. 1990లో జర్మనీలో జుంగ్‌హాన్స్ వాళ్లు మెగా 1 అని మొట్టమొదటి రేడియో చేతి గడియారం తెచ్చారు. అదీ డిజిటలే, యాంటెనా పట్టీలో దాచారు. ఆ దేశంలో ఫ్రాంక్‌ఫర్టు పక్కనే స్టేషన్ ఉంది కాబట్టి అది చెల్లింది. ఏతం కొనేవాడు ముందు నుయ్యి ఉందో లేదో చూసుకుంటాడు. ఇక్కడ నుయ్యి లేదని ఏతం అమ్మేవాడు చెప్పాలి.

తెలుగులో వాడకం కాగితం ఇప్పించాలన్నది తర్వాతి కోరిక. ఇప్పుడు పెట్టెలో వచ్చే పుస్తకం అగ్గిపెట్టెంత, అందులో అక్షరాలు చీమతలలంత, మన భాష ఒక్క పేజీ లేదు. మేమే ఒక నమూనా రాసి జతచేస్తున్నాం. అందులో ముఖ్యమైనవి ఇవి. అమెరికా, జర్మనీ వెళ్లేవాళ్లు దిగగానే హోం సిటీ మార్చుకోవాలి, లేకపోతే అక్కడ స్టేషన్ పక్కనే ఉన్నా వాచీ చెవి తెరవదు. రాత్రి వాచీని కిటికీ దగ్గర, పన్నెండు అంకె బయటికి తిరిగేలా, ఇనప బీరువాకూ టీవీకీ ఫోను ఛార్జరుకూ దూరంగా పెట్టాలి, చేతికి కట్టుకుని తిరుగుతూ ప్రయత్నించకూడదు. బ్యాటరీ గుర్తు కింది మెట్టులో ఉంటే సంకేతం తీసుకోదు, పగలు ఎండ తగిలేలా ఉంచాలి. చీకట్లో చాలాసేపు కదలకుండా ఉంటే తెర ఆరిపోవడం నిద్రే గాని చావు కాదు, వెలుతురులోకి తెస్తే లేస్తుంది. అందకపోతే మళ్లీ రాత్రి చూడాలి, మూత తీయించకూడదు.

స్వదేశం వచ్చాక చేయాల్సింది వేరే రాయాలి, ఎందుకంటే మావాళ్లు ఎక్కువగా దెబ్బతిన్నది అక్కడే. హోం సిటీని ఢిల్లీకి మార్చడం అందరూ చేస్తారు. పక్కనే ఉండే డి.ఎస్.టి. సంగతి మరిచిపోతారు. అది వేసవిలో గంట ముందుకు జరిపే అమెరికా, ఐరోపా పద్ధతి, మనకు లేదు. అది ‘ఆన్’లో ఉండిపోతే వాచీ సరిగ్గా గంట ముందుంటుంది. మా బెంచీ మిత్రుడొకాయన కొడుకు తెచ్చిన వాచీ చూసుకుని మద్రాసు బండికి స్టేషనుకు పోయి, ప్లాట్‌ఫాం మీద ఎవరూ లేకపోయేసరికి బండి వెళ్లిపోయిందనుకుని సామాన్లతో ఇంటికి తిరిగొచ్చాడు. ఆయన ఇల్లు చేరాక అసలు బండి ప్లాట్‌ఫాం మీదికి వచ్చింది. టికెట్టు డబ్బు పోయింది. నేను గార్డునైనందుకు ఆ ఇంట్లో నన్నే తిట్టారు.

సర్వీసు కేంద్రాల గురించి క్లుప్తంగా: మాడ్యూలు పోయిందని చెప్పే ముందు హోం సిటీ, డి.ఎస్.టి., సెల్లు రకం, ఏ.సి. చుక్క చూశామని రసీదు మీద రాసి ఇవ్వాలి. సోలార్ వాచీల మూత లోపల సెల్లు రకం కనబడేలా ముద్రించాలి.

ఇప్పుడు పెద్ద కోరిక. దీన్ని మొదట పెట్టకపోవడం కావాలనే. పెట్టె మీద నిజం రాయడానికి ఒక ఉత్తర్వు చాలు, స్టేషన్ కట్టడానికి డబ్బూ ఏళ్లూ కావాలి. పెద్దది అడిగితే చిన్నది మరుగున పడుతుందని ముప్పై ఏళ్ల ఉద్యోగంలో చూశాను. అయినా అడుగుతున్నాం. మన దేశానికీ ఒక దీర్ఘతరంగ కాల ప్రసార స్టేషన్ సాధ్యమా కాదా అని పరిశీలించి ఆ నివేదికను బయటపెట్టాలి. జాతీయ భౌతిక ప్రయోగశాలలో సీజియం గడియారాలు ఉన్నాయి, దేశానికి టైము చెప్పే బాధ్యత దానిదే. ఒకప్పుడు ఏ.టి.ఏ. అనే పిలుపుతో షార్ట్‌వేవ్‌లో టైము సంకేతాలు పంపింది కూడా. తమ శాఖే ‘ఒకే దేశం, ఒకే సమయం’ అని అహ్మదాబాదు, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాదు, గువాహతి కేంద్రాల ద్వారా కచ్చితమైన కాలాన్ని పంచే పనికి దిగింది. 2025 జనవరిలో ప్రామాణిక కాలం మీద ముసాయిదా నిబంధనలు పెట్టి జనం అభిప్రాయం అడిగింది. ఆ పని బ్యాంకులకూ టెలిఫోన్లకూ విద్యుత్తుకూ మేలు చేస్తుంది. పౌరుడి మణికట్టు దాకా రాదు. నాగపూరులో స్టేషన్ ఉందనుకుని చుట్టూ 1,500 కిలోమీటర్ల గీత గీసి చూడండి. కన్యాకుమారీ శ్రీనగరూ ఆ గీతకు అటూ ఇటూగా తగులుతాయి, ఈశాన్యం కొసా అండమానూ బయటపడతాయి. వేసవి పిడుగుల గోల మన ఆకాశంలో ఎక్కువ కాబట్టి సంకేతం ఐరోపాలో అందినంత శుభ్రంగా అందకపోవచ్చని మాస్టారే ఒప్పుకున్నారు. ఒక హెచ్చరిక కూడా చేశారు: సంకేతానికి కొత్త లిపి కనిపెడితే ఇప్పటికే చేతులకున్న వాచీలు దాన్ని చదవలేవు, పాత లిపుల్లో ఒకదాన్ని తీసుకోగలమేమో ముందు చూడాలి.

ఫోనులో టైము ఉండగా ఇదంతా దేనికని తమరు అడుగుతారు. మా మనవడూ అడిగాడు. ఫోను టైము నెట్‌వర్కు నుంచి వస్తుంది, తుపాను వచ్చి టవర్లు పడిపోతే అదీ పోతుంది. గోదావరి జిల్లాల్లో అది మాకు కొత్త కాదు. టైము ప్రసారాన్ని మిగతా దేశాలు ఎలా చూస్తాయో రెండు సంగతులు చెబుతాను. 2011లో ఫుకుషిమా అణుకేంద్రం ప్రమాదంలో ఒటకదోయా స్టేషన్ ఖాళీ చేయించిన 20 కిలోమీటర్ల వలయం లోపల పడింది. మార్చి 12న సిబ్బంది వదిలి రావాల్సి వచ్చి ప్రసారం ఆగింది. ఏప్రిల్ 21న మళ్లీ మొదలైంది. ఆ నలభై రోజులూ తూర్పు జపానులో క్యూషూ సంకేతం అందని గడియారాలు తమ సొంత క్వార్ట్జ్ మీదే నడిచాయి. అంత విపత్తులో కూడా ఆ కొండ మీది యంత్రాన్ని వాళ్లు మరిచిపోలేదు. అమెరికాలో 2019 ఆర్థిక సంవత్సరం బడ్జెట్ ప్రతిపాదనల్లో ఫోర్ట్ కాలిన్స్ ప్రసారాలు ఆపేద్దామన్నప్పుడు వాడేవాళ్లు మహజర్లు పెట్టారు. స్టేషన్ ఇంకా నడుస్తోంది. వాళ్లు ఉన్నది పోకుండా అడిగారు, మేము లేనిది అడుగుతున్నాం.

మరో మాట. అదే మనవడు ఫోనులో ఒక యాప్ వేసి, ఇయర్‌ఫోన్ తీగను వాచీ చుట్టూ నాలుగు చుట్లు చుట్టి, హోం సిటీ టోక్యో పెట్టాడు. చెవికి వినపడీ వినపడని సన్నని కూత. దాని మూడో రెట్టు పౌనఃపున్యం 40 కిలోహెర్ట్జ్ అవుతుందట, వాచీ దాన్ని జపాను కొండ అనుకుంటుందట. ఎల్1, ఎల్2... నాలుగు నిమిషాలకు, కాకినాడలో, డైనింగ్ టేబులు మీద, ‘గెట్’. మళ్లీ ఢిల్లీకి మార్చాడు. సెకనుతో సహా సరిపోయింది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం నా టైము నాకే దొంగదారిన తెచ్చి ఇచ్చినట్టు కూర్చుండిపోయాను. జపాను పేరు చెప్పి వాచీని మభ్యపెడితే తప్ప మన ప్రామాణిక కాలం మన వాచీలోకి రాకపోవడం, ఆ కాలపు గీత పోయే జిల్లావాళ్లకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

పెట్టె మీద వాక్యం గురించి మూడు నెలల్లోగా ఉత్తర్వు ఇప్పించమనీ, స్టేషన్ పరిశీలన గురించి అవుననో కాదనో జవాబు తెలుగులో ఇప్పించమనీ ప్రార్థన. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు గారెవరైనా వాచీ చూస్తామంటే సాయంత్రం అయిదింటికి పార్కుకు రావచ్చు. మా టైముకు ఇప్పుడు ఏడు సెకన్లు తేడా ఉంది, ఆ మేరకు మన్నించాలి.

ఇట్లు,
తమ విధేయులు,
రిటైర్డు గార్డు, మరి పదకొండుగురు
(సంతకాలు వెనక పేజీలో)

జత: తెలుగు వాడకం కాగితం నమూనా, రెండు పేజీలు. సర్వీసు కేంద్రం ఇచ్చిన అంచనా చీటీ నకలు, పేరు కొట్టివేసి. బజారులో వేసిన సిఆర్1616 సెల్లు, రెండు వైపులా టేపు అంటించి.